పావు బిళ్ళ కోసే డబ్బా: పద్దెనిమిది నెలల వాడకం తరువాత

విజయవాడ సూర్యారావుపేటలో అడుగుకొక మందుల దుకాణం ఉంటుంది. వాటిలో ఒక దాని గల్లాపెట్టె పక్కన, థర్మామీటర్లకూ వేడినీళ్ళ సంచులకూ నడుమ వేలాడుతున్న ఒక ప్లాస్టిక్ డబ్బాను పద్దెనిమిది నెలల కిందట 110 రూపాయలు పెట్టి కొన్నాను. దుకాణాల వాళ్ళు దాన్ని టాబ్లెట్ కట్టర్ అంటారు. మా ఇంట్లో దాని పేరు కోత డబ్బా. పెద్ద వయసు వాళ్ళు తమ మాత్రలను సగం చేసుకోవడానికి తయారైన వస్తువే అయినా, మా ఇంట్లో అది రోజూ పనిచేసేది పన్నెండేళ్ళ కుక్క కోసమూ, పద్నాలుగేళ్ళ పిల్లి కోసమూ. ఈ పద్దెనిమిది నెలల్లో ఒక డబ్బా అరిగిపోయి రెండోది వచ్చింది, దాని పక్కన మూడోది కూడా చేరింది కాబట్టి, ఈ వస్తువు మంచిచెడ్డలు చెప్పే అర్హత నాకు వచ్చిందనే అనుకుంటున్నాను. జంతువులకు గుండె మందులూ బీపీ మందులూ వాడవలసి వచ్చిన వాళ్ళకు, మందు దొరకడం కన్నా, దొరికిన మందును వాటి ఒంటికి తగినంత చిన్నది చేయడమే ఎక్కువ కష్టమని నాకు ఈ డబ్బా పుణ్యాన తెలిసింది.

కుక్క పేరు లడ్డూ. మన వైపు అందరూ పమేరియన్ అని పిలిచే తెల్ల స్పిట్జ్, బరువు 5 కిలోలు. డబ్బా కొనడానికి నెల ముందు నుంచి అది రాత్రిపూట దగ్గడం మొదలుపెట్టింది. గొంతులో చేపముల్లు ఏదైనా గుచ్చుకుందేమోనని వారం రోజులు ఊరికే గడిపాము. డాక్టరు గారు స్టెతస్కోపు ఎడమ పక్కటెముకల మీద ఆనించగానే మర్మర్, అంటే గుండె చప్పుడు మధ్య ఉండకూడని శబ్దం, ఉందన్నారు. ఎక్స్‌రేలో గుండె పెరిగి, ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు కనబడింది. ఎకో అనే గుండె స్కానులో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మందమైపోయి, సరిగా మూసుకోక, గుండె కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తాన్ని వెనక్కి వదిలేస్తోందని తేలింది. చిన్న జాతి కుక్కలకు వయసు పైబడ్డాక వచ్చే గుండె జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇదే. గుండె పెరిగినా ఇంకా ఆయాసం మొదలుకాని కుక్కలకు పిమోబెండాన్ అనే మందు ముందుగానే మొదలుపెడితే, గుండె చేతులెత్తేసే దశ సుమారు 15 నెలలు ఆలస్యమవుతుందని 2016లో వెలువడిన ఎపిక్ అనే అధ్యయనం చూపించింది. మేము వెళ్ళింది ఆ దశ దాటిపోయాక.

చీటీలో మూడు మందులు రాశారు. గుండె గట్టిగా కొట్టుకునేట్టు చేసి రక్తనాళాలను వదులు చేసే పిమోబెండాన్ 1.25 మి.గ్రా. రోజుకు రెండు సార్లు. ఒంట్లో నిలిచిన నీటిని మూత్రం ద్వారా లాగేసే ఫ్యూరోసమైడ్ 10 మి.గ్రా. రోజుకు రెండు సార్లు. గుండె మీది బరువు తగ్గించే ఎనలాప్రిల్ 2.5 మి.గ్రా. రోజుకు ఒకసారి. ఈ మోతాదులు లడ్డూ బరువునూ దాని రక్త పరీక్షలనూ చూసి కట్టిన లెక్కలని, ఇంకో కుక్కకు పనికి వచ్చేవి కావని ఇక్కడే చెప్పేస్తున్నాను.

పిల్లి గౌరి కథ ఇంకా తొందరగా జరిగింది. ఒకనాటి పొద్దున అది వంటింటి గడపకు తల కొట్టుకుంది. పాలగిన్నె వాసన పట్టి దాని దాకా వెళ్ళింది గాని, గిన్నెలోకి బదులు గిన్నె పక్కన నేలను నాకింది. ట్యూబులైటు కింద ఎత్తుకుని చూస్తే రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు ఇంత పెద్దదై, వెలుతురుకు కదలడం మానేసింది. తోక మొదట్లో పట్టీ చుట్టి బీపీ చూస్తే పై అంకె 200 దాటింది. పిల్లుల్లో 160 దాటితే బీపీ కిందనే లెక్క, 180 దాటితే కళ్ళకూ మెదడుకూ మూత్రపిండాలకూ గుండెకూ ముప్పు. గౌరికి ఆ ఒత్తిడికి కంటి లోపలి రెటీనా పొర ఊడిపోయింది. ముసలి పిల్లుల్లో బీపీకి వెనక ఎక్కువగా మూత్రపిండాల జబ్బో, థైరాయిడ్ ఎక్కువ కావడమో ఉంటుంది. దీనికి మూత్రపిండాలే కారణమని రక్త పరీక్షలో తెలిసింది. ఆ రోజే ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు, 0.625 మి.గ్రా. రోజుకు ఒకసారి. వెంటనే మందు పడడం వల్లనే కావచ్చు, ఇప్పుడు అది నీడలనూ కదలికలనూ గుర్తుపడుతోంది. కిటికీలో పిచ్చుక వాలితే తల తిప్పుతుంది.

ఇక ఈ 0.625 అన్న అంకె దగ్గరకు వద్దాము. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన దాన్ని కాబట్టి, 2.5లో నాలుగో వంతు 0.625 అని నోటి లెక్కగా వచ్చేసింది. ఆమ్లోడిపిన్ మనుషుల మందుల దుకాణంలో 2.5, 5, 10 మి.గ్రా. మాత్రలుగా దొరుకుతుంది, అందులో అతి చిన్నదాన్ని తెచ్చినా గౌరికి పావు ముక్కే పడాలి. ఫ్యూరోసమైడ్ మన దగ్గర లాసిక్స్ పేరుతో ఎక్కువగా దొరికేది 40 మి.గ్రా. మాత్ర; లడ్డూకు అందులోనూ పావే. ఎనలాప్రిల్ 2.5 మాత్రగానే దొరుకుతుంది కాబట్టి కోత లేదు. పిమోబెండాన్ ఒక్కటే మన దగ్గర కుక్కల మందుగా దొరికేది. పశువుల మందుల దుకాణంలో ముందుగా చెప్పి తెప్పించుకోవాలి, ధర ఎక్కువే, అయినా 1.25 మాత్ర అలాగే వేసేయవచ్చు. లెక్కకు రోజుకు మూడు పావులు, ఏడాదికి వెయ్యికి పైగా. మా వారికి కూడా బీపీ ఉంది, ఆయన వేసుకునేదీ ఆమ్లోడిపినే, 5 మి.గ్రా. మొదటి వారంలో నేను తంటాలు పడుతుంటే చూసి, “ఏమే, నా బిళ్ళా దాని బిళ్ళా ఒకటేగా, ఇందులోంచే ఒక ముక్క గిల్లి వెయ్యరాదూ?” అన్నారు. “ఒకటే అయితే ఈ పూటకు దాని పావు బిళ్ళ మీరు వేసుకోండి” అన్నాను. అయిదు మి.గ్రా. మాత్రను ఎనిమిది ముక్కలు చేయడం కాగితం మీద కుదురుతుందే గాని చేతిలో కుదరదు. ముక్క మరీ పెద్దదైతే మూడున్నర కిలోల పిల్లికి బీపీ మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

మొదట కూరగాయల కత్తితోనూ, తరువాత ఆయన గడ్డం గీసుకునే బ్లేడుతోనూ ప్రయత్నించాను. కత్తి కింద మాత్ర ఎగిరి ఫ్రిజ్ కిందకు పోయేది. లడ్డూ ఇంట్లో తిరుగుతుండగా పిల్లి మందు నేల మీద పడడం నాకు నచ్చలేదు. బ్లేడు బాగానే కోస్తుంది గాని రెండు వేళ్ళతో పట్టుకుని నొక్కడం ఈ వయసులో చేయవలసిన పని కాదు. అప్పుడే ఈ డబ్బా కొన్నాను.

డబ్బా అరచేతిలో ఇముడుతుంది. మూత తెరిస్తే ఒక వైపు తెలుగు ‘గ’ అక్షరం పడుకున్నట్టు రెండు గోడలు కలిసే మూల ఉంటుంది, అందులో మాత్రను కూర్చోబెట్టాలి. మూతకు లోపల స్టీలు బ్లేడు బిగించి ఉంటుంది, మూత మూస్తే అది సరిగ్గా ఆ మూల మధ్యకు దిగుతుంది. ఇంకో వైపు కోసిన ముక్కలు పెట్టుకోవడానికి చిన్న అర. వాడకంలో తెలిసిన కిటుకు ఒకటే: మూతను మెల్లగా కాకుండా ఒక్క ఊపులో నొక్కాలి. మెల్లగా నొక్కితే బ్లేడు మాత్రను కోయదు, పిండుతుంది. రెండు ముక్కలకు బదులు ఒక ముక్కా కాస్త పిండీ మిగులుతాయి. లాసిక్స్ లాంటి మాత్రకు మధ్యలో గీత ఉంటుంది కాబట్టి ఆ గీతను బ్లేడుకు ఎదురుగా పెడితే సగం చక్కగా వస్తుంది. ఆ సగాన్ని, కోసిన చదునైన ముఖం గోడకు ఆనేట్టు తిప్పి మళ్ళీ నొక్కితే పావు. అదే గుండ్రని వైపు గోడకు ఆనిస్తే ముక్క జారి, ఒకటి చీపురు పుల్ల మొనలాగా, ఇంకోటి గుండుగా వస్తాయి. ఆమ్లోడిపిన్ 2.5 మాత్ర మరీ చిన్నది, మేము తెచ్చే కంపెనీ దానికి గీత కూడా లేదు. అక్కడ ఈ డబ్బా బలహీనత బయటపడుతుంది, ఎందుకంటే గోడలు పెద్ద మాత్రల కొలతకు చేసినవి, చిన్న మాత్ర వాటి మధ్య అటూ ఇటూ కదులుతుంది. అగ్గిపుల్లతో వెనక నుంచి ఆనించి పట్టి, పుల్ల తీసే లోపల మూత నొక్కడం నేర్చుకున్నాను. ఈ పని అగ్గిపుల్ల లేకుండా జరగాలని కోరుకోవడం 110 రూపాయలకు అత్యాశేమో.

ముక్కలు ఎంత సమంగా వస్తున్నాయో తెలుసుకోవాలన్న పాత జబ్బు కొద్దీ, వన్‌టౌన్‌లో నగల దుకాణం నడిపే మా తమ్ముడి స్నేహితుడి దగ్గరకు రెండు పొట్లాలు తీసుకువెళ్ళాను: ఒకదానిలో కత్తితో కోసిన పావులు, ఇంకోదానిలో డబ్బాతో కోసినవి. బంగారం తూచే త్రాసులో పిల్లి మందు తూచమన్నందుకు ఆయన నవ్వాడు గాని, కాదనలేదు. కత్తి ముక్కల్లో అన్నిటికన్నా పెద్దది అన్నిటికన్నా చిన్నదానికి దాదాపు రెట్టింపు తూగింది. డబ్బా ముక్కలు చాలావరకు దగ్గర దగ్గరగా ఉన్నాయి గాని, ప్రతి మాత్రలోనూ నాలుగింటిలో ఒకటి కాస్త నీరసంగానే వచ్చింది, అడుగున పొడి రూపంలో కొంత పోయింది కూడా. ఈ సంగతి డాక్టరు గారితో చెబితే, ఒక మాత్ర నాలుగు ముక్కలూ వరసగా వాడేసిన తరువాతనే ఇంకో మాత్ర కోయమన్నారు. అలా చేస్తే ఈ రోజు తక్కువ పడిన మందు రేపో ఎల్లుండో సర్దుకుంటుంది. ఆమ్లోడిపిన్ నిదానంగా ఎక్కి నిదానంగా దిగే మందు కనుక దానికి ఈ సర్దుబాటు చెల్లుతుంది. ఫ్యూరోసమైడ్ అలాంటిది కాదు, నోటి ద్వారా వేస్తే గంటలోపే పని మొదలుపెట్టి సుమారు ఆరు గంటల్లో ముగిస్తుంది. ముక్క చిన్నదైన పూట తేడా ఆ పూటే తెలుస్తుంది. అందుకే లడ్డూ పావులను ఎక్కువ శ్రద్ధగా కోస్తాను, నలిగిపోయిన ముక్కను పక్కన పడేస్తాను. ఆ మాత్ర వెల రూపాయల్లో కూడా చెప్పుకోదగినది కాదు, అక్కడ పొదుపు అక్కరలేదు.

బ్లేడు సంగతి. మొదటి డబ్బా ఎనిమిది నెలలు పదునుగా ఉంది. తొమ్మిదో నెలలో బ్లేడు అంచున గోధుమరంగు చుక్కలు కనబడ్డాయి. తప్పు కొంత నాదే. పొడి పేరుకుందని ఒకసారి కుళాయి కింద కడిగాను. తడి తగలకుండా పాత పళ్ళ బ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో తుడవడమే సరైన పద్ధతి. బ్లేడు మార్చుకునే వీలు ఇందులో లేదు, మొద్దుబారితే డబ్బానే పారేయాలి. రెండోసారి అదే రకం కొన్నప్పుడు కుక్కకొకటి, పిల్లికొకటి అని రెండు తీసుకున్నాను. ఒకదాని మందు పొడి ఇంకోదాని మాత్రకు అంటడం ఎంత కొద్దిదైనా నాకు ఇష్టం లేకపోయింది. మూతల మీద గోళ్ళరంగుతో ఒకదానికి ఎర్ర చుక్క, ఒకదానికి రెండు ఎర్ర చుక్కలు పెట్టాను.

ముక్కలు దాచుకునే అర నాకు నచ్చని భాగం. దాని మూత అద్దంలా, లోపలికి వెలుతురు పోయేట్టు ఉంటుంది. ఫ్యూరోసమైడ్ వెలుతురు పడితే పసుపుపచ్చగా మారుతుంది, రంగు మారిన మాత్ర వాడకూడదు. ఆమ్లోడిపిన్‌ను కూడా వెలుతురు తగలకుండానే ఉంచమని రేకు మీద రాసి ఉంటుంది. మొదటి నెలలో వారానికి సరిపడా పావులు కోసి ఆ అరలో పోసి కిటికీ పక్కన పెట్టాను. మేనెల ఉక్కకు, వెలుతురుకు, అయిదో రోజుకు లాసిక్స్ ముక్కల అంచులు లేత పసుపు తిరిగాయి. అప్పటి నుంచి ఒక మాత్రకు మించి కోయడం లేదు, మిగిలిన ముక్కలను వచ్చిన రేకులోనే మడిచి, నల్లటి ఫిల్ము డబ్బా ఒకటి పాతది ఉంటే అందులో వేసి ఉంచుతున్నాను. తయారుచేసే వాళ్ళు ఆ మూతను ఏ నల్ల ప్లాస్టిక్‌తోనో చేస్తే ఒక్క పైసా ఎక్కువ కాదు. ఆ అరను వాడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది: మా వారి వారం మాత్రల పెట్టె కూడా అదే గూట్లో ఉంటుంది, పొద్దున్నే కళ్ళజోడు లేకుండా చేయి పెట్టే అలవాటు ఆయనకు ఉంది.

ఈ డబ్బాలో పెట్టకూడని మాత్రలు కొన్ని ఉన్నాయి. మెల్లగా కరిగి రోజంతా పనిచేసేట్టు చేసిన మాత్రలను, పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్ వంటి అక్షరాలు ఉన్న వాటిని, కోస్తే రోజంతటికీ ఉద్దేశించిన మందు ఒకేసారి వదులుతుంది. గొట్టం మాత్రలు (క్యాప్సూళ్ళు) కోయరు. డాక్టరు కోయమని చెప్పని దాన్ని దేన్నీ కోయకపోవడం నా పద్ధతి. చివరి అక్షరాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఒకసారి మేము తెచ్చే ఆమ్లోడిపిన్ అయిపోయి, ఇంటి దగ్గరి దుకాణానికి వెళ్ళాను. సూర్యారావుపేట దుకాణం కాదు, వేరేది. కౌంటరు దగ్గరున్న కుర్రవాడు “అదే మందు మేడమ్, కంపెనీ వేరు” అని ఒక స్ట్రిప్పు చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చి, కోసే ముందు భూతద్దం పెట్టి రేకు వెనక చదివితే, పేరు చివర ఏటీ అని రెండు అక్షరాలు, కింద ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., అటెనలాల్ 50 మి.గ్రా. అని ఉంది. అటెనలాల్ గుండె వేగాన్ని తగ్గించే మందు. మనుషుల బీపీకి రెండూ కలిపి ఒకే మాత్రగా ఇవ్వడం మామూలే గాని, గౌరి చీటీలో దాని ఊసే లేదు, ఆ మోతాదు దాని ఒంటికి ఎన్నో రెట్లు. వెనక్కి తీసుకువెళ్తే పేచీ పెట్టకుండా మార్చి ఇచ్చారు, కుర్రవాడు మాత్రం “పిల్లికా మేడమ్?” అని నవ్వాడు. చీటీ మీద మందు అసలు పేరు, మి.గ్రా., ‘పిల్లి, 3.5 కిలోలు’ అన్న మూడూ రాయించుకుని, స్ట్రిప్పు వెనక రాసిన దానితో అక్షరం అక్షరం పోల్చుకున్న తరువాతనే డబ్బు ఇవ్వడం నాకు అప్పటి నుంచి అలవాటైంది.

కోసిన ముక్క నోట్లోకి వెళ్ళడం ఇంకో ఘట్టం. లడ్డూతో ఇబ్బంది లేదు. పిమోబెండాన్ పరగడుపున, తిండికి గంట ముందు పడాలి. పొద్దున ఆరుకు అది, ఏడుకు మిగిలినవి ఉప్పు లేకుండా వేరుగా తీసి వేసిన ఇడ్లీ ముక్కలో. గుండె జబ్బు కుక్కకు ఉప్పు తగ్గించాలి కాబట్టి అప్పడం, ఎండుచేప, చీజ్ ముక్క, ఆవకాయ నూనె అంటిన అన్నం వంటివన్నీ మాత్ర దాచే పదార్థాలుగా పనికిరావు. ఎక్కడో చదివి వేరుశనగ వెన్న కొనేవాళ్ళు దానిలో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసుకోవాలి, కుక్కలకు అది విషం. ఫ్యూరోసమైడ్ పడ్డ గంటలో లడ్డూకు బయటకు వెళ్ళక తప్పదు, నీళ్ళు కూడా ఎక్కువ తాగుతుంది. ఇల్లు పాడుచేస్తోందని నీళ్ళ గిన్నె తీసేయడం ఎవరూ చేయకూడని పని; మన ఎండల్లో అది మూత్రపిండాలను ఒక్క రోజులో దెబ్బతీయగలదు. రాత్రి మోతాదును ఎనిమిదికి బదులు ఆరున్నరకు జరపమని డాక్టరును అడిగి జరిపించుకున్నాక నా నిద్ర నాకు దక్కింది.

గౌరితో వ్యవహారం వేరు. ఆమ్లోడిపిన్ చేదు, పావు ముక్క నాలుక మీద కరిగితే నోటి నిండా నురగ కక్కుతుంది. మొదటిసారి చూసి విషమెక్కిందనుకున్నాను, అది చేదుకు వచ్చిన చొంగ మాత్రమే. పైగా కోసిన ముక్కకు అంచులు మొనదేలి ఉంటాయి, గొంతుకు గీసుకుంటాయి. ఇంట్లో చిలికిన వెన్న, ఆవగింజంత, ముక్క చుట్టూ పూసి ఉండ చేస్తే రెండు బాధలూ తీరాయి. బజారు వెన్నలో ఉప్పు ఉంటుంది, వద్దు. ఎడమ చేత్తో దాని తలను పై నుంచి పట్టుకుని, బొటనవేలూ నడిమి వేలూ నోటి మూలల దగ్గర ఆనించి, ముక్కు ఇంటి కప్పును చూసేట్టు తిప్పితే కింది దవడ దానంతట అదే వదులవుతుంది. కుడి చేత్తో ఉండను నాలుక మొదట్లో జారవిడిచి, నోరు మూసి గొంతు నిమరాలి. ముక్కు నాక్కుంటే మింగిందని లెక్క. ఆ తరువాత సూది తీసేసిన సిరంజితో 5 మి.లీ. నీళ్ళు నోటి పక్కనుంచి మెల్లగా పోయాలి, ఎందుకంటే పిల్లుల గొంతులో మాత్ర పొడిగా ఇరుక్కుపోయి అక్కడే పుండు చేసే ప్రమాదం ఉంది. పిల్లులకు మాత్ర వేసే పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం కూడా ఒకటి కొన్నాను. పావు ముక్క దాని మూతిలో నిలవదు, జారిపోతుంది. అది ఇప్పుడు సొరుగులో పడి ఉంది.

మోతాదు మరిచిపోయిన రోజున రెండింతలు వేయకూడదు, మరుసటి వేళకు మామూలుగా వేయాలి.

ఇంత కోతా ఫలించిందో లేదో డబ్బా చెప్పదు కదా. లడ్డూ గాఢనిద్రలో ఉన్నప్పుడు పొట్ట లేచిపడడాన్ని అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేస్తాను. నిమిషానికి 30 లోపు ఉంటే నిశ్చింత, వరసగా అంతకు మించితే ఊపిరితిత్తుల్లో నీరు మళ్ళీ చేరుతోందని అర్థం, వెంటనే ఫోను చేయాలి. ఎండకు రొప్పుతున్నప్పటి లెక్క లెక్క కాదు. క్యాలెండరులో తిథి గడి పక్కనే ఆ అంకె రాస్తాను. 18, 22, 20 అని సాగుతున్న వరసలో ఒకసారి 34, మరునాడు 38 వచ్చాయి, అదే సాయంత్రం వెళ్తే ఫ్యూరోసమైడ్ కొద్ది రోజులు పెంచి మళ్ళీ దింపారు. ఎనలాప్రిల్ మొదలుపెట్టిన వారం పది రోజులకు, మూత్రపిండాల పనితీరు తెలియడానికి, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించాము, ఇప్పుడు మూడు నెలలకొకసారి. గౌరి బీపీ మొదటి వారం తరువాత 160 లోపుకు వచ్చింది, ఇప్పుడు 145 దగ్గర నిలిచింది. బీపీ చూసేటప్పుడు ఒక మాట: పిల్లి భయంలో ఉంటే అంకె ఉత్తినే ఎక్కుతుంది. బుట్ట మూత తీసి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పది నిమిషాలు కూర్చోబెట్టి, మొదటి కొలతను వదిలేసి, అయిదారు కొలతల సగటు తీయాలి. మేము వెళ్ళే చోట ఒకసారి పక్క గదిలో ఆల్సేషియన్ అరుస్తుండగానే ఒక్క కొలత తీసి మందు పెంచబోయారు. కాసేపు ఆగి మళ్ళీ చూడమని అడిగితే ముప్పై అంకెలు తగ్గింది. అడగడానికి మొహమాటపడి ఉంటే ఆ రోజు నుంచి పావుకు బదులు సగం బిళ్ళ పడేది.

డబ్బాకు మార్కులు వేయాలంటే పదికి ఆరున్నర. గీత ఉన్న మాత్రను సగం చేయడానికి తిరుగులేదు. గీత ఉన్నదాన్ని పావు చేయడానికి, చేయి తిరిగాక, బాగుంది. గీత లేని చిన్న మాత్రను పావు చేయడానికి అగ్గిపుల్ల సాయం కావాలి. బ్లేడు ఆయువు ఎనిమిది నెలలు, అర పనికిరాదు, ధర సబబు. మూడు వందలకు అమ్మే ఇంకో రకం కూడా చూశాను, దానికి మాత్రను రెండు పక్కలా బిగించే రబ్బరు దవడలున్నాయి, కొనలేదు. ఈ వారంలో గౌరి డబ్బా మళ్ళీ కోయడం మాని పిండడం మొదలుపెట్టింది. శనివారం సూర్యారావుపేట వెళ్ళినప్పుడు ఆ రబ్బరు దవడల దాన్ని తెచ్చి, త్రాసు దగ్గరకు ఇంకో పొట్లం తీసుకువెళ్ళాలి.